ప్రైవేటు రాకెట్లు, మనిషి అంతరిక్షయానం: కోనసీమలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకాశం తేటగా ఉండే శీతాకాలపు రాత్రుల్లో, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో బడిపిల్లలకు దుర్భిణిలో చంద్రుణ్ణీ శని వలయాలనూ చూపించడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. వరుసలో నిలబడిన పిల్లలూ, వారి వెంట వచ్చిన పెద్దలూ చంద్రుణ్ణి కళ్ళారా చూసుకున్నాక అడిగేవి మాత్రం ఎక్కువగా రాకెట్ల సంగతులే. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళివచ్చిన తరువాత ఆ ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి. చీకట్లో నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది కనుక, చెప్పవలసినదంతా ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

ప్రైవేటు రాకెట్ అంటే ఏమిటి? ప్రభుత్వ రాకెట్‌కూ దానికీ తేడా ఎక్కడుంది?

తేడా రాకెట్ లోహంలో లేదు, ఒప్పందంలో ఉంది. చంద్రుడి మీదికి మనిషిని పంపిన శాటర్న్ 5 రాకెట్ దశలను, అంటే ఒకదాని తరువాత ఒకటి మండి విడిపోయే భాగాలను కూడా కట్టింది బోయింగ్, డగ్లస్ వంటి ప్రైవేటు కంపెనీలే. అయితే ఆ రోజుల్లో డిజైను మీద అధికారం నాసాది. ఖర్చు ఎంతయితే అంత నాసా భరించి, పైన కొంత లాభం కట్టి ఇచ్చేది. మన ఊళ్ళో మేస్త్రీని రోజు కూలికి పెట్టుకుని ఇల్లు కట్టించుకోవడం లాంటి పద్ధతి అది. ఇప్పటి పద్ధతి ఇల్లు గుత్తకు ఇవ్వడం లాంటిది. ఇంత సరుకును, లేదా ఇంతమంది మనుషులను అంతరిక్ష కేంద్రానికి చేర్చి తీసుకురావడానికి ఇంత అని ముందే ధర నిర్ణయిస్తారు. రాకెట్ కంపెనీదే, అదనపు ఖర్చు పడితే ఆ భారమూ కంపెనీదే. 2014లో మనుషుల రవాణా కోసం నాసా బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లు ఇలాగే నిర్ణయించింది.

అంతమాత్రాన ప్రభుత్వం పక్కకు తప్పుకుందని అనుకోకూడదు. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసింది ప్రభుత్వ ధనంతోనే. ఏ ఒక్క రైతూ, ఏ ఒక్క షావుకారూ గోదావరికి అడ్డుకట్ట వేయగలిగేవారు కాదు. ఆనకట్ట కట్టి, కాలువ ఊరిదాకా వచ్చాకే ఎవరి చేనులో వారు తమ తెలివికొద్దీ పంట పండించుకున్నారు. రాకెట్ల విషయంలోనూ దశాబ్దాలపాటు ప్రజల సొమ్ముతో సాగిన పరిశోధనే ఆ ఆనకట్ట. ప్రైవేటు కంపెనీల ప్రతిభను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను, కానీ వారి చేలోకి వచ్చిన నీరు ఎక్కడిదో మరచిపోను.

స్పేస్‌ఎక్స్ మొదటినుంచీ విజయవంతమైన సంస్థేనా?

కాదు. 2002లో మొదలైన ఆ సంస్థ మొదటి రాకెట్ ఫాల్కన్ 1, 2006లోను, 2007లోను, 2008 ఆగస్టులోను వరుసగా మూడుసార్లు విఫలమైంది. మూడోసారి మొదటి దశ విడిపోయిన తరువాత కూడా అందులో మిగిలిన కొద్దిపాటి తోపు దానిని ముందుకు నెట్టింది. అది వెళ్ళి రెండో దశకు తగిలింది. రెండు దశల మధ్య మరికొన్ని క్షణాలు ఆగి ఉంటే ఆ ప్రమాదం జరిగేది కాదు. తరువాతి రాకెట్‌లో ప్రధానంగా మార్చింది ఆ వ్యవధినే. 2008 సెప్టెంబరు 28న అది కక్ష్యను చేరింది. అదే ఏడాది డిసెంబరులో 12 సరుకు రవాణా యాత్రలకు నాసా 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వడంతో సంస్థ నిలదొక్కుకుంది.

రాకెట్‌ను మళ్ళీ కిందికి దించి వాడుకుంటే నిజంగా ఖర్చు తగ్గుతుందా?

తగ్గుతుంది. అయితే ఒక షరతు ఉంది, దానిని చాలామంది గమనించరు.

అంతర్వేది నుంచి వేటకు వెళ్ళే బోటును తీరానికి రాగానే తగలబెట్టి, మరుసటి వేటకు కొత్త బోటు కట్టించుకోవలసి వస్తే కిలో చేప ఎంత పలుకుతుందో ఊహించండి. 2015 వరకు కక్ష్యకు వెళ్ళే రాకెట్లన్నింటి మొదటి దశల గతి దాదాపు అదే: ఒక్కసారి వాడి సముద్రంలో పారేయడం. అమెరికా స్పేస్ షటిల్ పక్కనుండే ఘన ఇంధన బూస్టర్లను సముద్రంలోంచి తీసి మళ్ళీ వాడిన మాట నిజమే కానీ, వాటిని విప్పి, కడిగి, నింపి, బిగించడానికి అయ్యే ఖర్చులో ఆదా కరిగిపోయేది. 2015 డిసెంబరు 21న స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్ 9 మొదటి దశ నిటారుగా నేలమీద దిగింది. 2017 మార్చిలో అలా దిగినదాన్నే మళ్ళీ ఎగరేశారు. ఇప్పుడు ఒకే బూస్టరు, అంటే ఆ మొదటి దశ, 30 సార్లకు పైగా ఎగిరిన సందర్భమూ ఉంది.

ఇక షరతు సంగతి. బోటు తిరిగి వచ్చినంత మాత్రాన లాభం రాదు. దానిని తరచుగా వేటకు పంపాలి. ఏడాదికి రెండుసార్లే పంపితే బోటుకు పెట్టిన పెట్టుబడీ, సరంగు జీతమూ ఆ రెండు వేటల మీదే పడతాయి. ఫాల్కన్ రాకెట్లు 2024 ఒక్క ఏడాదిలోనే 130 సార్లకు పైగా ఎగిరాయి, వాటిలో ఎక్కువ భాగం ఆ సంస్థ సొంత ఇంటర్నెట్ ఉపగ్రహాల కోసమే. రాకెట్‌కు పని కల్పించడానికి సరుకునూ తామే తయారు చేసుకున్నారన్నమాట. మనిషి ప్రయాణానికి దీనివల్ల కలిగిన మేలు ధర తగ్గడం కన్నా పెద్దది. వందలసార్లు ఎగిరిన యంత్రంలో లోపాలు మనిషి ఎక్కకముందే బయటపడతాయి.

పది నిమిషాలు పైకి వెళ్ళి దిగిరావడం అంతరిక్షయానమేనా?

ఎత్తు లెక్కన అవును. శ్రమ లెక్కన దానికీ కక్ష్యలో తిరగడానికీ పోలికే లేదు. 2021 జులై 11న మన రాష్ట్రంలో పుట్టిన బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వాహనంలోను, 2024 మే 19న విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ వారి న్యూ షెపర్డ్‌లోను వెళ్ళివచ్చారు. ఇద్దరూ మనవాళ్ళేనని మన జిల్లాల్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ వాహనాలు 80 నుంచి 100 కిలోమీటర్లకు పైగా ఎగిరి, కొద్ది నిమిషాల భారరహిత స్థితి తరువాత దిగివస్తాయి. కక్ష్యలో నిలవాలంటే మాత్రం ఎత్తు ఒక్కటే చాలదు, సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల అడ్డువేగం కావాలి. ఆ వేగంతో అమలాపురం నుంచి రాజమహేంద్రవరానికి పట్టేది పది సెకన్ల లోపే. అంత వేగాన్ని కూడగట్టుకోవడం ఒక కష్టమైతే, దిగేటప్పుడు ఆ వేగాన్నంతా గాలిలో వేడిగా వదిలించుకోవడం మరో కష్టం.

అంత పెద్ద రాకెట్‌లో ముగ్గురికే చోటా?

మన దేశం మనుషులను అంతరిక్షానికి పంపబోయే గగన్‌యాన్ కోసం వాడే రాకెట్ ఎల్‌వీఎం3, దాని బరువు 640 టన్నులు. అది భూమికి దగ్గరి కక్ష్యకు మోసుకెళ్ళేది సుమారు 8 టన్నులు. ఇది వినగానే పిల్లలు నమ్మలేనట్లు చూస్తారు, అందుకే వారితో ఒక ప్రయోగం చేయిస్తాను. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, దానికి బిగువుగా పట్టే రబ్బరు బిరడా, బిరడాలోంచి దూర్చిన సైకిలు ట్యూబు వాల్వు, ఒక గాలిపంపు, ఇవే సామగ్రి. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, తలకిందులుగా నిలబెట్టి పంపు కొడితే, బిరడా ఊడిన క్షణంలో సీసా దాదాపు కొబ్బరిచెట్టు మొవ్వు ఎత్తుకు లేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తడుస్తారు. మరింత ఎత్తుకు పోవాలన్న ఆశతో ముక్కాలు వంతు నీళ్ళు పోయమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పోయిస్తాను. సీసా బరువుగా కదిలి, నీళ్ళు కక్కుకుంటూ వసారా చూరు దాకా వెళ్ళి పడిపోతుంది. ఇంధనం ఎక్కువైతే ఆ ఇంధనాన్ని మోయడానికే శక్తి చాలదు, తక్కువైతే తోపు చాలదు. రాకెట్‌ను దశలుగా కట్టి, ఖాళీ అయిన దశను వదిలేసుకుంటూ పోవడం ఈ చిక్కులోంచి పుట్టిన ఉపాయమే. మనిషి కూర్చునే గదికి మిగిలేది ఆ చివరి పిసరే.

ఉపగ్రహాలను మోసే రాకెట్‌కూ మనిషిని మోసే రాకెట్‌కూ తేడా ఏమిటి?

నన్ను అడిగే ప్రశ్నలన్నింటిలో నాకు ముఖ్యమైనది ఇదే. ఉపగ్రహ రాకెట్ విఫలమైతే డబ్బూ కాలమూ పోతాయి. 2025 మే 18న మన పీఎస్‌ఎల్‌వీ సీ61 మూడో దశలో విఫలమై ఈఓఎస్09 ఉపగ్రహాన్ని కోల్పోయినప్పుడు దేశమంతా బాధపడింది, కానీ ఏ ఇంట్లోనూ దీపం ఆరలేదు. మనిషి ఎక్కే రాకెట్‌ను కట్టేవారు రాకెట్ విఫలమవుతుందనే అనుకుని, అప్పుడు మనిషి ఎలా బతకాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. పేలిపోతున్న రాకెట్ నుంచి మనుషులున్న గదిని క్షణాల్లో లాగేసే తప్పించే వ్యవస్థ అందుకే. 2018 అక్టోబరు 11న రష్యా సోయుజ్ ఎంఎస్10 రాకెట్ పైకి లేచిన రెండు నిమిషాలకే చెడిపోతే, అందులోని ఇద్దరూ ఆ వ్యవస్థ వల్లనే గడ్డిమైదానంలో క్షేమంగా దిగారు. స్పేస్ షటిల్‌లో అలాంటిది లేదు.

రెండో తేడా యంత్రాలకు సంబంధించినది కాదు. అన్నీ సిద్ధమైనా, అందరూ ఎదురుచూస్తున్నా, అనుమానం వస్తే ఆగగలగడం. 1986 జనవరి 28 తెల్లవారుజామున ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి. ఆ చలిలో బూస్టరు అతుకుల దగ్గరి రబ్బరు వలయాలు పనిచేయవని ముందురాత్రే ఇంజనీర్లు అభ్యంతరం చెప్పారు. పైవారు వినలేదు. స్పేస్ షటిల్ చాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకు ఏడుగురు మరణించారు. 2003 ఫిబ్రవరి 1న మరో షటిల్ కొలంబియాతో పాటు కల్పనా చావ్లా, మరో ఆరుగురు పోయారు. ఆ నౌక ఎడమ రెక్కకు ఎగిరేటప్పుడే దెబ్బ తగిలిందని తెలిసి కూడా, ఇంజనీర్లు కోరిన ఫొటోలు తీయించలేదు.

వీటికి ఎదురుగా మన శ్రీహరికోటలో 2023 అక్టోబరు 21 ఉదయాన్ని పెట్టి చూడండి. గగన్‌యాన్ తప్పించే వ్యవస్థను పరీక్షించే టీవీ డీ1 ప్రయోగం లెక్కింపు చివరి 5 సెకన్ల దగ్గర కంప్యూటరు ఆపేసింది. కారణం కనుక్కుని, సరిదిద్ది, పది గంటలకు ఎగరేశారు. పరీక్ష నెగ్గింది, కానీ గది సముద్రంలో తలకిందులుగా తేలింది. అందులో మనిషి లేడు కనుక అది నేర్చుకోవలసిన విషయంగా మిగిలింది. గగన్‌యాన్ ఆలస్యమవుతోందని విసుక్కునేవారికి నేను చెప్పేది ఈ ఉదయం గురించే.

ప్రైవేటు కంపెనీ లాభం కోసం భద్రతలో రాజీపడదా?

ఆ భయం న్యాయమైనదే. 2014 అక్టోబరు 31న వర్జిన్ గెలాక్టిక్ స్పేస్‌షిప్‌టూ పరీక్షలో ఒక పైలట్ మరణించారు. తోకను మడిచే పరికరం తాళాన్ని సమయానికి ముందే తీయడం వల్ల వాహనం గాలిలోనే విడిపోయింది. మనిషి ఒక్క పొరపాటు చేస్తే వాహనమే పోయేట్టు డిజైను ఉండకూడదని విచారణ సంఘం తప్పుపట్టింది. కానీ చాలెంజర్, కొలంబియా ప్రభుత్వానివే. కనుక యజమాని ఎవరన్నదాన్ని బట్టి భద్రతను తూచలేము. కాదు, ఆగు అని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందో, ఆ మాట చెల్లుతుందో లేదో చూడాలి.

2024లో బోయింగ్ స్టార్‌లైనర్‌లో వెళ్ళిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌ల ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. హీలియం లీకులు, నౌకను అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజన్లయిన థ్రస్టర్ల లోపాలు బయటపడ్డాక నాసా ఆ నౌకను ఖాళీగా వెనక్కి రప్పించి, వారిద్దరినీ 2025 మార్చి 18న స్పేస్‌ఎక్స్ నౌకలో దించింది. ఎనిమిది రోజుల ప్రయాణం తొమ్మిది నెలలైంది. ఇది పరాభవమని చాలామంది రాశారు. ఖాళీ నౌక క్షేమంగానే దిగింది కదా, వారిని అందులోనే తీసుకురావలసిందని కూడా కొందరన్నారు. దిగుతుందని ముందు నాసాకు పూర్తి నమ్మకం లేనప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని, దిగాక వచ్చిన ఫలితంతో తప్పుపట్టడం సరికాదు. రెండు కంపెనీలకు పని అప్పగించి ఉండకపోతే వారికి మరో దారి ఉండేది కాదు. ప్రైవేటు రాకెట్ల పోటీ వల్ల నేను చూసిన గొప్ప మేలు ఇదే.

శుభాంశు శుక్లా వెళ్ళింది ప్రైవేటు రాకెట్‌లోనేనా?

అవును. యాత్రను నడిపింది యాక్సియమ్ స్పేస్ అనే అమెరికా సంస్థ, రాకెట్టూ నౌకా స్పేస్‌ఎక్స్‌వి, సీటుకు డబ్బు చెల్లించింది భారత ప్రభుత్వం. 1984 ఏప్రిల్ 3న సోవియట్ సోయుజ్‌లో రాకేశ్ శర్మ వెళ్ళిన 41 ఏళ్ళకు, 2025 జూన్ 25న శుక్లా బయలుదేరి జులై 15న తిరిగి వచ్చారు. అంతకుముందు జూన్ 11న ఆ రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు కనిపించి ప్రయాణం ఆగింది. లీకును పూర్తిగా సరిచేసి, మళ్ళీ పరీక్షించాకే కదలాలని మన ఇస్రో బృందం గట్టిగా కోరింది. ప్రయాణికుడిని పంపేవారు రాకెట్ యజమానిని ప్రశ్నించగలిగారు, యజమాని విన్నాడు.

మన దేశంలో ప్రైవేటు రాకెట్లు ఎంతవరకు వచ్చాయి?

2020లో ప్రభుత్వం ఇన్‌స్పేస్ అనే అనుమతుల సంస్థను ప్రకటించి తలుపులు తెరిచింది. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాదులో స్థాపించిన స్కైరూట్, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్ ఎస్‌ను 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. మన దేశపు తొలి ప్రైవేటు రాకెట్ అదే. చెన్నైకి చెందిన అగ్నికుల్, అంతకుముందు నాలుగుసార్లు ప్రయోగాన్ని ఆపుకుని, 2024 మే 30న ఒకే ముక్కగా త్రీడీ ముద్రణలో తయారైన ఇంజనుతో తన రాకెట్‌ను ఎగరేసింది. ఇవన్నీ చిన్న ఉపగ్రహాల కోసం ఉద్దేశించినవి. మనుషులను మోసే ప్రైవేటు భారతీయ రాకెట్ సమీపకాలంలో వస్తుందని నేను అనుకోను, రావాలని తొందరపడను కూడా.

గోదావరి డెల్టాకు వీటితో ఏమైనా సంబంధం ఉందా?

తప్పకుండా ఉంది, అదీ ప్రైవేటు రంగం ద్వారానే. తణుకులో 1947లో చక్కెర కర్మాగారంగా మొదలైన ఆంధ్రా షుగర్స్, ఇస్రోకు యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనాన్ని తయారుచేసి ఇస్తూ వస్తోంది. ఇస్రో రాకెట్లలోని వికాస్ ఇంజన్లలో మండేది ఈ యూడీఎంహెచ్, హైడ్రజీన్ హైడ్రేట్‌ల మిశ్రమమే, ఎల్‌వీఎం3 నడిమి దశకు అలాంటి ఇంజన్లు రెండు. చెరకు బండ్లు బారులు తీరే ఊరి పేరు రాకెట్ ఇంధనంతో ముడిపడటం నాకెప్పుడూ గర్వంగా ఉంటుంది. ఇక గగన్‌యాన్ గదిని సముద్రం నుంచి ఓడలోకి చేర్చే అభ్యాసాన్ని నావికాదళం, ఇస్రో కలిసి 2024 డిసెంబరులో మన ఎగువనే, విశాఖ తీరంలో చేశాయి.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్లు, పేద దేశానికి ఇవన్నీ ఎందుకు?

గగన్‌యాన్ కార్యక్రమానికి 2024లో పెంచిన మొత్తం 20,193 కోట్ల రూపాయలు. అది చిన్న మొత్తమని నేను అనను. ఈ ప్రశ్న అడిగే పెద్దలు 1996 నవంబరు 6 రాత్రిని చూసినవారే. ఆ తుపానులో మన ప్రాంతంలో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. మా తోటలో వేళ్ళతో లేచిపడిన కొబ్బరిచెట్ల గుంటల్లో మర్నాడు ఉప్పునీరు నిలిచి ఉండటం నా కళ్ళకు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఇవాళ తుపాను కన్ను ఎక్కడుందో అరగంటకోసారి ఫోనులో చూస్తున్నామంటే ఇన్‌శాట్ ఉపగ్రహాల వల్లనే. మనిషిని పంపడం తుపాను హెచ్చరిక కాదు కదా అంటే, నిజమే, కాదు. ఆ రెండింటినీ కలిపి చూపి మిమ్మల్ని ఒప్పించడం న్యాయం కాదు. మనిషిని పంపడానికి నాకు తోచే కారణం వేరు: లోపం సహించని యంత్రాలను కట్టే అలవాటు ఒక దేశానికి వస్తే, ఆ అలవాటు మిగిలిన పనుల్లోకీ పాకుతుంది.

తీరానికి రాకెట్ ముక్క కొట్టుకువస్తే ఏం చేయాలి?

ముట్టుకోవద్దు. తెచ్చి ఇంటి ముందు పెట్టుకోవద్దు, పాత ఇనుముకు అమ్మవద్దు. తొట్టెల్లోను గొట్టాల్లోను మిగిలిన ఇంధనం విషపూరితం కావచ్చు. పోలీసులకు గాని మెరైన్ పోలీసులకు గాని కబురు చేయండి. అలాగే ప్రయోగం రోజుల్లో ఫలానా ప్రాంతానికి వేటకు వెళ్ళవద్దని వచ్చే హెచ్చరికను తేలికగా తీసుకోవద్దు. బూస్టర్లు పడేది అక్కడే.

మా అమ్మాయి వ్యోమగామి కావాలంటే ఏం చదవాలి?

గగన్‌యాన్‌కు మొదట ఎంపికైన నలుగురూ వైమానిక దళ పైలట్లే, కనుక ఇప్పటికి ఆ దారే ముందుంది. ముందుముందు ఇంజనీర్లకు, వైద్యులకు, శాస్త్రవేత్తలకు కూడా చోటు రావాలి, వస్తుందని నా నమ్మకం. ఏ దారైనా గణితం, భౌతికశాస్త్రం, ఈత తప్పవు. కాలువ గట్ల మీద పెరిగిన పిల్లలకు మూడోది సులువు. ఒక్క కోరిక: వ్యోమగామిని చేస్తామంటూ వేలకు వేలు రుసుము అడిగే శిబిరాలకు డబ్బు కట్టేముందు, అక్కడ ఏం నేర్పుతారో కాగితం మీద రాసిమ్మని అడగండి.

శ్రీహరికోట రాకెట్ మన తీరం నుంచి కనిపిస్తుందా?

రాత్రి ప్రయోగమై, దక్షిణాన మబ్బు లేకపోతే కనిపిస్తుంది. అంతర్వేది నుంచి శ్రీహరికోట సుమారు 330 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల రాకెట్ దాదాపు 9 కిలోమీటర్ల ఎత్తు దాటేవరకు సముద్రపు అంచు చాటునే ఉంటుంది, కనుక ఫోనులో లెక్కింపు పూర్తయ్యాక సుమారు నిమిషంపాటు ఏమీ కనిపించకపోతే నిరాశపడవద్దు. లైట్‌హౌస్ వెలుగు కంట పడకుండా దానికి వీపు పెట్టి, దక్షిణానికీ నైరుతికీ మధ్యకు తిరిగి నిలబడండి. నేను చూసిన రాత్రి మొదట అది దూరపు బోటు దీపమే అనుకున్నాను. నారింజ రంగు చుక్క, అలల మీదే ఆగినట్లుంది. తరువాత నెమ్మదిగా ఎడమవైపు ఒరుగుతూ లేచింది. చేయి చాచి పిడికిలి పడితే ఆ పిడికిలి ఎత్తు కూడా దాటలేదు. బూస్టర్లు ఆరిపోయే వేళకు, అంటే ఎగిరిన రెండు నిమిషాలకు, వెలుగు సన్నగిల్లి పొగమంచులో కలిసిపోయింది. మాతో ఇసుకలో కూర్చున్న ఒక పెద్దాయన, వేట మానేసి పదేళ్ళయినవారు, దానిలో మనుషులున్నారా అని అడిగారు. ఈసారి లేరండీ అన్నాను. ఉన్నప్పుడు కూడా కబురు చేయమన్నారు, ఫోన్ నంబరు రాసుకున్నాను.